ఇబ్తిదా చూసి ఫైసలా చెప్పొచ్చా?

ధర్మవరంలో మా ఖాలా మనవడు ఒకడున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు. వీధి వీధంతా పట్టు మగ్గాల చప్పుడు మొదలయ్యే లోపే, ఫజర్ నమాజ్ అయిన వెంటనే ఫోన్ పట్టుకుని అమెరికా బాస్కెట్‌బాల్ చూస్తాడు. మనకు తెల్లవారే వేళకే అక్కడ రాత్రి మ్యాచ్‌లు నడుస్తుంటాయి కదా. వాడూ వాడి దోస్తులూ కలిసి ఒక తరాజు తయారు చేసుకున్నారు. ఎన్‌బీఏలోకి వచ్చిన మొదటి ఐదేళ్ళలో ఏం గెలిచాడో చూస్తే చాలట, ఎవడు గొప్పోడో తేలిపోతుందట.

ఈ తరాజులో కొందరు బాగానే తూగుతారు. బిల్ రసెల్ 1957లో తన మొదటి సీజన్‌లోనే చాంపియన్ అయ్యాడు. మ్యాజిక్ జాన్సన్ సంగతి ఇంకా గొప్పది. 1980 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌కి కరీమ్ అబ్దుల్ జబ్బార్ చీలమండ గాయంతో ఆడలేకపోతే, 20 ఏళ్ళ మ్యాజిక్ ఆయన స్థానంలో నిలబడి 42 పాయింట్లు కొట్టి కప్పు తెచ్చాడు. అంతవరకు సరే. మైకెల్ జోర్డాన్‌ను తూచితే మాత్రం ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. 1984లో వచ్చినవాడు మొదటి కప్పు చూసింది 1991లో, ఏడో సీజన్‌లో. 2003లో వచ్చిన లెబ్రాన్ జేమ్స్ 2012 దాకా ఆగాడు. "మరి వీళ్ళ సంగతేంట్రా?" అంటే పిల్లలు తరాజును పారేయరు, రాళ్ళు మారుస్తారు. "కప్పు కాదు మామూ, మొదట్లో కొట్టిన పాయింట్లు చూడాల" అంటారు.

జోర్డాన్ వచ్చిన 1984లోనే, అతని కంటే రెండు పేర్ల ముందు, మొట్టమొదట ఎంపికైనవాడు హకీమ్ ఒలాజువాన్. నైజీరియాలోని లాగోస్ కుర్రాడు, 15 ఏళ్ళు వచ్చాక గానీ బాస్కెట్‌బాల్ ముట్టుకోలేదు. రెండో సీజన్‌లో ఫైనల్ దాకా వెళ్ళి ఓడాడు. తర్వాత ఎనిమిదేళ్ళు ఖాళీ చేతులు. 1994లో, 1995లో వరసగా రెండు కప్పులు. 1995 ఫిబ్రవరిలో రంజాన్ రోజాలు ఉంటూనే ఆడి, ఆ నెల ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఐదేళ్ళ తరాజులో ఈయన ఓడిపోయిన మనిషి. కరీమ్ సాబ్ రెండో సీజన్‌లోనే, 1971లో చాంపియన్. ఆ గెలుపు వెంటనే లోకానికి తన ముస్లిం పేరు ప్రకటించాడు. కానీ ఆయన అసలు అజమత్ ఆ ఇబ్తిదాలో ఉందా, 42 ఏళ్ళ దాకా ఆడి కూడబెట్టిన 38,387 పాయింట్లలో ఉందా? ఆ లెక్కను దాటడానికి లెబ్రాన్‌కు 2023 దాకా పట్టింది.

బాస్కెట్‌బాల్ గురించి నాకు తెలిసింది ఇంతే. నేను క్రికెట్ మనిషిని. ఈ తరాజు అమెరికా నుంచి ఫోన్లో దిగుమతి అయిన సరుకు కూడా కాదు. మనవాళ్ళను, హైదరాబాద్ ముసల్మాన్ ఆటగాళ్ళను, అరవై ఏళ్ళకు పైగా ఇదే తరాజులో తూచారు. ముగ్గురు మనుషుల తారీఖ్ చెప్తాను. ముగ్గురూ వచ్చీ రావడంతోనే అద్భుతం చేసినవాళ్ళే.

మొదటివాడు అబ్బాస్ అలీ బేగ్. 1959లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టు ఐదు టెస్టులకు ఐదూ ఓడింది. మధ్యలో విజయ్ మంజ్రేకర్ గాయపడితే, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న ఈ 20 ఏళ్ళ హైదరాబాదీని పిలిపించారు. మాంచెస్టర్, జూలై నెల. రెండో ఇన్నింగ్స్‌లో హెరాల్డ్ రోడ్స్ వేసిన బంతి తలకు తగిలింది. హెల్మెట్లు లేని రోజులు. బయటికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, 112 కొట్టాడు. అప్పటికి టెస్ట్ సెంచరీ చేసిన భారతీయుల్లో అందరికంటే చిన్నవాడు. ఆరు నెలలు తిరక్కుండానే బొంబాయి బ్రేబోర్న్ స్టేడియంలో ఆస్ట్రేలియా మీద రెండు ఇన్నింగ్స్‌లలోనూ అర్ధసెంచరీలు. ఒక అమ్మాయి స్టాండ్లోంచి పరుగెత్తుకొచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళిందని దేశమంతా చెప్పుకున్నారు. 1960లో! మన బుజుర్గులు ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు.

ఆ ఏడాది చివర్లో పాకిస్తాన్ జట్టు వచ్చింది. బేగ్ మూడు టెస్టుల్లో నాలుగు ఇన్నింగ్స్ ఆడి 34 పరుగులు చేశాడు. అంతే, ఉత్తరాలు మొదలయ్యాయి. కావాలనే అవుటయ్యాడట. ఎదురుగా ఉన్నది తనవాళ్ళని వికెట్ ఇచ్చేశాడట. 21 ఏళ్ళ కుర్రాడి మీద అంత పెద్ద ఇల్జామ్. మిగిలిన టెస్టుల్లో అతను లేడు. మళ్ళీ టెస్ట్ ఆడింది 1966-67లో వెస్టిండీస్ మీద, రెండంటే రెండు. మొత్తం లెక్క పది టెస్టులు, 428 పరుగులు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో మాత్రం 12 వేలకు పైగా పరుగులు చేసినవాడు.

ఇక్కడ నాకు తోచిన మాట చెప్తాను. మాంచెస్టర్‌లో ఆ 112 కొట్టకపోయి ఉంటే బేగ్‌కు ఆ ఉత్తరాలు వచ్చేవి కావేమో. మామూలుగా మొదలుపెట్టినవాడు ఫెయిలైతే "వీడికి రాదు" అంటారు, వదిలేస్తారు. అద్భుతంగా మొదలుపెట్టినవాడు ఫెయిలైతే "వీడికి వచ్చు, కానీ ఆడట్లేదు" అంటారు. మొదటి మాట హునర్ మీద, రెండో మాట నీయత్ మీద. పేరు అబ్బాస్ అలీ అయితే ఆ రెండో మాట ఏ దారి పడుతుందో ఈ రాత చదివేవాళ్ళకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంట్లో టీవీ ముందు ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ నడుస్తుంటే, మన పేరున్న ఆటగాడు క్యాచ్ వదిలేసిన ప్రతిసారీ మన నాన్నలు ఎందుకు ఊపిరి బిగబట్టేవాళ్ళో దాని జడ 1960లోనే ఉంది.

రెండోవాడు సయ్యద్ ఆబిద్ అలీ. 1967 డిసెంబర్, ఆస్ట్రేలియాలోని అడిలైడ్. పటౌడీ ఆడలేని స్థితిలో బోర్డే కెప్టెన్సీ చేసిన టెస్ట్. మొదటి టెస్ట్ ఆడుతున్న ఆబిద్ మొదటి ఇన్నింగ్స్‌లోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. అదే సిరీస్‌లో సిడ్నీ టెస్టులో బ్యాట్‌తో 78, 81. బంతితోనూ బ్యాట్‌తోనూ ఇలాంటి ఇబ్తిదా ఎంతమందికి దక్కుతుంది? ఆ తర్వాత 1974 దాకా మొత్తం 29 టెస్టులాడాడు. ఇంకొక్కసారి కూడా ఒక ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు రాలేదు. మొత్తం 47 దగ్గర ఆగాడు.

పిల్లల తరాజు ప్రకారం ఇది 'మొదట మెరిసి ఆరిపోయిన' కేసు. కానీ ఆ జమానా చూడండి. జట్టులో బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకట్రాఘవన్. కొత్త బంతి మెరుపు కాస్త పోయేదాకా నాలుగైదు ఓవర్లు వేసి పక్కకు తప్పుకోవడమే మీడియం పేసర్ ఉద్యోగం. ఐదు వికెట్లు తీయడానికి అసలు బంతి చేతిలో ఉండాలి కదా! మిగతా పని ఆబిద్ దగ్గరి ఫీల్డింగ్‌లో చేశాడు, పిచ్చి పరుగులు తీస్తూ వికెట్ల మధ్య చేశాడు, ఓపెనర్ కావాలంటే ఓపెనర్‌గా చేశాడు. 1971 ఆగస్టు 24న లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండ్ గడ్డ మీద భారత్ మొట్టమొదటి టెస్ట్ గెలిచినప్పుడు ఆ గెలుపు ఫోర్ కొట్టిన చెయ్యి ఆబిద్‌దే. స్కోరు పుస్తకంలో అది నాలుగు పరుగులు మాత్రమే. ఆయన 2025 మార్చిలో కాలిఫోర్నియాలో ఇంతకాల్ అయ్యారు. ఆ మరుసటి రోజు పేపర్లు చూస్తే అడిలైడ్ 6 వికెట్లే మళ్ళీ పైకి వచ్చాయి.

మూడోవాడి పేరు మీకు ముందే తెలిసిపోయి ఉంటుంది.

1984 డిసెంబర్ 31, కలకత్తా ఈడెన్ గార్డెన్స్. జోర్డాన్, హకీమ్ అమెరికాలో తమ మొదటి సీజన్ ఆడుతున్న రోజులే. ఇంగ్లండ్ మీద మొదటి టెస్ట్ ఆడిన మొహమ్మద్ అజారుద్దీన్ 110 కొట్టాడు. మద్రాసులో రెండో టెస్ట్: 48, 105. కాన్పూర్‌లో మూడో టెస్ట్: 122, 54 నాటౌట్. మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. అంతకుముందు ప్రపంచంలో ఎవరూ చేయనిది. 439 పరుగులు, సగటు 109.75. కాన్పూర్ సెంచరీ నాటికి అతనికి 22 ఇంకా నిండలేదు. సిరీస్ మాత్రం ఇండియా 1-2తో ఓడింది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు చూడండి.

ఆ జనవరికి నేను చిన్నపిల్లాణ్ణి. హిందూపురంలో మా మామూ చెప్పేవాడు: మా మొహల్లాలో టీవీ లేదు, రేడియో ఉన్న చాయ్ హోటల్ ముందు జనం. మగ్రిబ్‌కు వెళ్ళి వచ్చేసరికి స్కోరు ఎంతైందని దారిలో ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవాళ్ళట. మోచేతి దాకా తాయెత్తు కట్టుకున్న ఆ సన్నటి కుర్రాడి ఫోటో పేపర్లోంచి కత్తిరించి, చెక్క బీరువా తలుపు లోపల అంటించిన ఇళ్ళు నాకు తెలుసు.

దాని తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు. నాలుగో సెంచరీ రావడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది, 1986 డిసెంబర్‌లో శ్రీలంక మీద 199. మళ్ళీ ఫామ్ పోయింది. 1989లో పాకిస్తాన్ టూర్‌కు వెళ్ళేనాటికి జట్టులో చోటే అనుమానం. కరాచీ టెస్టుకు పక్కన పెట్టబోయారు. రమణ్ లాంబాకు గాయం కావడంతో ఆడాడు. ఆ టూర్లోనే జహీర్ అబ్బాస్ బ్యాట్ పట్టుకునే తీరు కాస్త మార్చుకోమని చెప్పాడు. ఫైసలాబాద్‌లో సెంచరీ వచ్చింది. కొన్ని వారాలకే అజార్ కెప్టెన్. 1990లో లార్డ్స్‌లో ఆడిన 121 చూసినవాళ్ళు కాన్పూర్ 122ను మళ్ళీ తలచుకోలేదు. నన్నడిగితే నిజమైన అజార్ 1990 తర్వాతివాడే. మొదటి మూడు సెంచరీలు చేసినవాడు హునర్ ఉన్న కుర్రాడు. లార్డ్స్‌లో ఆడినవాడు ఒకసారి పోగొట్టుకుని తిరిగి సంపాదించుకున్న మనిషి. ఒక చిన్న ముచ్చట: 1992 వరల్డ్ కప్‌కు అజార్ కెప్టెన్‌గా వెళ్ళినప్పుడు ఆ జట్టు మేనేజర్ అబ్బాస్ అలీ బేగ్. ఇద్దరు హైదరాబాదీలు ఆస్ట్రేలియా డ్రెస్సింగ్ రూముల్లో ఏం మాట్లాడుకున్నారో వినాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

చివరి టెస్ట్ 2000 మార్చిలో బెంగళూరులో జరిగింది. హిందూపురం నుంచి బెంగళూరు నూరు కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే మ్యాచ్ చూసి రావచ్చు. మా ఊరినుంచి కొందరు వెళ్ళారు. దక్షిణాఫ్రికా మీద ఇండియా ఇన్నింగ్స్ తేడాతో ఓడింది, రెండో ఇన్నింగ్స్‌లో అజార్ 102. మొదటి టెస్ట్‌లో సెంచరీ, చివరి టెస్ట్‌లో సెంచరీ. 99 టెస్టులు, 22 సెంచరీలు, 6,215 పరుగులు. ఆ డిసెంబర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ ఇల్జామ్ మీద బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ పన్నెండేళ్ళూ మన ఇళ్ళలో జరిగిన బహస్ గుర్తుందా? "అలాంటి మూడు సెంచరీలు కొట్టినవాడు ఇలా చేస్తాడా?" అని ఒకరు. "అలాంటి మూడు సెంచరీలు కొట్టి కూడా ఇలా చేశాడే!" అని ఇంకొకరు. రెండు వైపులకూ గవాహీ అదే మూడు సెంచరీలు. 21 ఏళ్ళప్పుడు ఆడిన ఆట 37 ఏళ్ళప్పటి మనిషి గురించి ఏ గవాహీ చెప్తుంది? ఇటు బరీ చేయలేదు, అటు ముజ్రిమ్ చేయలేదు.

మరి ఇబ్తిదా దేనికి లెక్క? నా ఉద్దేశంలో ఆటగాడి రాబోయే కాలానికి కాదు, అతని వెనక గడిచిన కాలానికి. అజార్ వెనక అతణ్ణి పెంచిన నానా ఇల్లు ఉంది, ఆల్ సెయింట్స్ స్కూలు ఉంది, నిజాం కాలేజీ ఉంది. ఆ కాలేజీల వెనక 1930ల నుంచి నడిచే మొయినుద్దౌలా గోల్డ్ కప్ ఉంది. దానికి దేశంలోని పెద్ద ఆటగాళ్ళంతా వచ్చేవాళ్ళు, గల్లీ పిల్లలు గోడెక్కి చూసేవాళ్ళు. ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చి పోషించిన బ్యాంకులున్నాయి. 21 ఏళ్ళ కుర్రాడు మొదటి బంతికే తడబడకుండా ఆడాడంటే ఒక షహర్ యాభై ఏళ్ళు చేసిన మేహనత్ అతని మణికట్టులోకి దిగిందని అర్థం.

ఆ వెనుక బలం ఉన్నా తలుపు తెరుచుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే సి.కె. నాయుడు ఉన్నాడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. భారత్‌కు టెస్ట్ హోదా వచ్చి మొదటి టెస్ట్ ఆడిన 1932లో ఆయనకు 36 ఏళ్ళు. 1926లో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో 153 కొట్టినప్పుడు దేశానికి టెస్ట్ జట్టే లేదు. మొత్తం ఆడినవి ఏడు టెస్టులు. మొదటి ఐదేళ్ళ తరాజులో నాయుడు ఎక్కడా కనపడడు. ఆయనే తర్వాత యాభై ఏళ్ళు దాటాక కూడా ఆంధ్ర రంజీ జట్టుకు నాయకత్వం చేశాడు. ఉర్దూ మీడియం బడిలో మా తారీఖ్ ఉస్తాద్ బాబర్ పాఠం చెప్తూ ఇలాంటి లెక్కే వేయించేవారు: 14 ఏళ్ళకు సమర్‌కంద్ గెలిచాడు, పోగొట్టుకున్నాడు, పానిపట్ నాటికి 43. "బోలో, ఇమ్తిహాన్ ఏ సంవత్సరంలో దిద్దుదాం?" అనేవారు.

ఇక మన మూడు ఊళ్ళు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీద ఉన్నాయి, 2022 నుంచి ఒకే శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి పిల్లల వెనక మొయినుద్దౌలా కప్పులు లేవు. స్కూలు గ్రౌండ్లో మట్టి పిచ్, సెలవుల్లో టెన్నిస్ బంతి టోర్నమెంటు, గెలిచిన జట్టుకు షీల్డు. సరైన గడ్డి మైదానం కావాలంటే అనంతపురంలో ఆర్డీటీ వాళ్ళు కట్టిన స్పోర్ట్స్ విలేజ్‌కు పోవాలి. 2024లో దులీప్ ట్రోఫీ అక్కడ జరిగినప్పుడు మా పిల్లలు మొదటిసారి ఇండియా ఆటగాళ్ళను తీగకంచె ఇవతల నుంచి చూశారు. హిందూపురం నుంచి అది కూడా నూరు కిలోమీటర్లకు పైనే. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దాదాపు అంతే దూరం, కానీ అది వేరే రాష్ట్రం, వేరే అసోసియేషన్.

ఇంత రాయడానికి కారణం పెనుకొండ బాబయ్య దర్గా దారిలో అంగడి నడిపే ఒక భాయ్. ఉర్సు రోజుల తర్వాత కలిశాడు. కొడుకు ఫాస్ట్ బౌలింగ్ వేస్తాడు. 17 నిండాయి, జిల్లా జట్టు సెలక్షన్లో రెండుసార్లు పేరు రాలేదు. ఆదివారం ఆదివారం అనంతపురం పంపడానికి అయ్యే ఖర్చు ఒక వైపు, అంగట్లో కూర్చోబెడితే వచ్చే సహారా ఒక వైపు. "అజార్ భాయ్ 21కే మూడు కొట్టినాడు. సచిన్ 16కే ఆడినాడు. మావాడు ఇంకా జిల్లాలోనే లేడు. నిలిపేసేదే మంచిదేమో, చెప్పు భాయ్" అన్నాడు. అంగడి మూయించమనీ చెప్పలేను, ఆట మానిపించమనీ చెప్పలేను. ఆ పిల్లవాడి ఆట నేను చూడలేదు. కానీ ఆయన పట్టుకొచ్చిన తరాజు గురించి చెప్పాను.

మొహమ్మద్ సిరాజ్ సంగతి చెప్పాను. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. ఇరవై ఏళ్ళ వయసు దాకా ఆడింది ఎక్కువగా గల్లీలో టెన్నిస్ బంతితోనే. రంజీలోకి వచ్చింది 2015లో, 21 ఏళ్ళకు. 2017లో ఇండియాకు మొదటి టీ20 ఆడితే నాలుగు ఓవర్లలో 53 పరుగులు ఇచ్చాడు. 2019లో మొదటి వన్డే, ఆబిద్ అలీ మెరిసిన అదే అడిలైడ్‌లో, పది ఓవర్లలో 76 పరుగులు, వికెట్ లేదు. "పోయి మీ నాన్నతో ఆటో నడుపుకో" అన్నారు జనం. 2020 నవంబర్‌లో ఆస్ట్రేలియాలో ఉండగా ఆ నాన్నే పోయాడు. వెనక్కి రాలేదు. డిసెంబర్‌లో మెల్బోర్న్‌లో మొదటి టెస్ట్, ఐదు వికెట్లు. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6. 2025 ఆగస్టు 4న లండన్ ఓవల్‌లో ఇంగ్లండ్ ఇంకో ఏడు పరుగులు చేస్తే గెలిచే చోట చివరి వికెట్ తీశాడు. ఆబిద్ సాబ్ గెలుపు ఫోర్ కొట్టిన ఆ మైదానంలోనే. ఆయన పోయి అప్పటికి ఐదు నెలలు.

భాయ్ ఓవల్ గురించి ఏమీ అడగలేదు. దర్గాకు వచ్చినవాళ్ళెవరో చాదర్ ధర అడిగితే చెప్పి, తిరిగి నా వైపు చూశాడు.

"నాలుగు ఓవర్లకు 53 ఇచ్చినాడా?"

"ఇచ్చినాడు."

"ఇండియాకు ఆడతా?"

"ఇండియాకు ఆడతానే."

లోపల చాదర్లు మడత పెడుతున్న కొడుకును కేకేసి పిలిచాడు.